వెళ్ళని మంగళవారాలు

వ్యవసాయ విస్తరణాధికారి అంటే జనం అదేదో పెద్ద ఉద్యోగమనుకుంటారు. పేరులోనే అధికారి ఉన్నాడు కదా మరి. ఆ అధికారం ఎవరి మీదో మాత్రం ఆ ఉద్యోగం చేసేవాళ్ళకు కూడా ఓ పట్టాన అంతుపట్టదు. ఇక్కడ చెప్పబోయే మనిషి ఆ ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్ళయింది. అతనికున్నవి పద్నాలుగు ఊళ్ళు, మూడువేల చిల్లర రైతులు, కిక్కు కొడితే నాలుగోసారికి గానీ పలకని ఒక స్కూటరు, భుజానికి ఒక సంచీ. ఊళ్ళలో అతన్ని పొలాలసారు అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు.

చేరిన కొత్తలో పొలాలసారు పనిమంతుడే. గట్టు మీద నుంచుని మెడ సాగదీసి చూసి వెళ్ళిపోయే రకం కాదు. చేలో ఈ మూల నుంచి ఆ మూలకి వంకరటింకరగా నడిచి, ఐదు చోట్ల ఆగి, చోటుకు పది మొక్కలు చొప్పున యాభై మొక్కలు విప్పి చూసేవాడు. మొక్క నడినెత్తిన లేతాకులు చుట్టుకునే సుడిలో వేలు పెట్టి, పురుగు వేసిన పొట్టు చూపించి, ఇది నిన్నటిదా మొన్నటిదా అని రైతు చేతే చెప్పించేవాడు. ఇంటికొచ్చేసరికి మోకాళ్ళ దాకా బురద ఉండేది. భార్య విసుక్కునేది కానీ, లోలోపల ఆవిడకు ఆ బురదంటే గొప్పే.

తర్వాత ఏమైందంటే, అందరికీ అయ్యేదే అయింది. పంటల సర్వే అన్నారు, పశువుల సర్వే అన్నారు, బోర్ల సర్వే అన్నారు, ఆఖరికి ఎవరింటి పైకప్పు రేకులో ఎవరిది పెంకో లెక్క రాసుకురమ్మన్నారు. సోమవారం మీటింగు, బుధవారం ఆ మీటింగు మీద మీటింగు. పొలంలో నుంచున్నట్టు ఫోటో తీసి సాయంత్రం ఐదులోపు పంపకపోతే సంజాయిషీ అడిగేవారు. ఈ సందట్లో ఏడాదికి రెండుసార్లు మొహం చూపించే మనిషి మాట ఎవరు వింటారు? వీధి చివర పురుగుమందుల కొట్టాయన పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కళ్ళెదుట కూర్చుని ఉంటాడు, అతని మాటే చెల్లుబాటయ్యేది. పొలాలసారు తప్పు పట్టలేదు. రోజూ కనిపించేవాణ్ణి నమ్మడం మనిషి స్వభావం.

ఆ ఆఫీసులో అందరికన్నా ముఖ్యమైనది పర్యటన డైరీ. ఏ రోజు ఏ ఊరు వెళ్ళారు, ఏ రైతును కలిశారు, ఏం చెప్పారు, అన్నీ అందులో రాయాలి. అడుగున కార్బన్ పెట్టి రెండు ప్రతులు రాయాలి. ఆ డైరీల భాష ఒక వింత. అందులో ఎవరూ ఏమీ చేయరు. అన్నీ "పరిశీలించడమైనది", "సూచించడమైనది", "అవగాహన కల్పించడమైనది". చేసిన మనిషి ఆ వాక్యంలో మచ్చుకైనా కనిపించడు. అందుకే కాబోలు, వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాయడం అంత తేలిక. ఆఫీసులో దానికి కుర్చీ పర్యటన అని ముద్దుపేరు కూడా ఉంది. పొలాలసారు మొదట్లో ఆ మాటకు చిరాకుపడేవాడు, తర్వాత నవ్వేవాడు, తర్వాత అదీ మానేశాడు.

ఆ సంవత్సరం పైనుంచి ఒక పథకం వచ్చింది. ప్రతి అధికారీ ఒక ఎకరం మొక్కజొన్న ఎంచుకుని, విత్తిన నాటి నుంచి కోత దాకా ప్రతి మంగళవారం వెళ్ళి దగ్గరుండి పండించాలి. ఎంచుకోవాలి అన్నారు గానీ, ఎంచిన జాబితా కూడా పైనుంచే వచ్చింది. పొలాలసారు వంతుకు ఏటవతలి ఊళ్ళో ఎకరం పడింది. నలభై ఇళ్ళ ఊరు అది. మధ్యలో ఏరు, వంతెన లేదు. పొలం ఎనభై ఏళ్ళ ముసలాయన పేరు మీద ఉంది, సేద్యం చేసేది భర్త పోయిన కోడలు. జాబితాలో ఉన్నది ఇంతే. ఆమె మొహం అతను ఎన్నడూ చూడలేదు.

మొదటి మంగళవారం నిజంగానే బయల్దేరాడు. ఏరు పొంగి ఉంది. ఒడ్డున కాసేపు నుంచుని వెనక్కొచ్చి, భార్య కుట్టుమిషన్ పక్కన బల్ల లాక్కుని డైరీ రాశాడు. రెండో మంగళవారం మీటింగు పడింది. మూడో మంగళవారం జలుబు చేసింది. నాలుగోదానికి సాకు కూడా అక్కర్లేకపోయింది.

కానీ ఒక్క మాట చెప్పుకోవాలి. రాసినది పచ్చి అబద్ధమైనా మనసుపెట్టి రాశాడు. సాలుకూ సాలుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో, ఒత్తుగా మొలిచినచోట ఏ మొక్క పీకాలో ఏది ఉంచాలో రాశాడు. మూడో వారానికి పురుగు చేరకుండా ఇసుకా బూడిదా కలిపి చిటికెడు చొప్పున సుడిలో వేయమని, పూత సమయంలో ఒక్క తడి కూడా తప్పించొద్దని రాశాడు. పేజీ నిండకపోతే, ముసలాయన వయసు గుర్తొచ్చి, "రైతు మామగారి కంటిచూపు గురించి విచారించి, కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిందిగా సూచించడమైనది" అని చేర్చాడు. ఆ డైరీలో తిరిగే అధికారి ఇరవై ఏళ్ళ కిందటి పొలాలసారు. బల్ల దగ్గర కూర్చున్నవాడికి అతనంటే ఇష్టంగానే ఉండేది.

పన్నెండు మంగళవారాలు అలా గడిచాయి.

పన్నెండోది దాటిన గురువారం పొద్దున ఆఫీసు గుమ్మంలో ఒకామె నుంచుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో గుడ్డసంచీ, అందులోంచి రెండు మొక్కజొన్న కంకులు తీసి బల్ల మీద పెట్టింది. పైపొర కొద్దిగా ఒలిచి ఉంది. ఒక్క గింజ సందు లేకుండా చివరి దాకా నిండిన కంకులు.

"మొన్న మంగళవారం ఒక సంగతి అడగడం మర్చిపోయాను సారూ," అంది. "ఇంక ఎన్నాళ్ళకి కోయమంటారు? వచ్చే వారం మీరు వస్తారు కదా అని ఊరుకున్నాను గానీ, మనసాగలేదు. కంకులు మీకు చూపించినట్టూ ఉంటుందని వచ్చాను."

"మీరు ఎవరమ్మా?" అన్నాడు పొలాలసారు.

ఆమె నవ్వింది. హాస్యమాడుతున్నాడనుకుంది. "ఏటవతలి నుంచి వచ్చాను. మొన్నంతా చేలో మాట్లాడి ఇవాళ ఎవరమ్మా అంటే నేనేం చెప్పేది?"

వెటకారమేమో అనుకున్నాడు. ఎవరో పైవాళ్ళు పరీక్షించడానికి పంపారేమో అని కూడా అనుమానం తగిలింది. కానీ ఆమె మొహంలో ఎక్కడా తేడా లేదు. తీరుబాటుగా కూర్చుని చెప్పుకుపోతోంది. సాలు ఎడం గురించి, బూడిద గురించి, పూతకు పెట్టిన తడి గురించి. ఆ మాటలన్నీ అతను రాసినవే. అదే వరుస, అవే వారాలు. మామగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళిందట. ఒక కంటికి ఆపరేషన్ చేశారట, ఇప్పుడు మనుషుల్ని గుర్తుపడుతున్నాడట.

"ఏరు ఒడ్లు ఒరుసుకుని పారిన రోజు కూడా వచ్చారు," అంది. "మా మామగారు ఇప్పటికీ ఆ మాటే తలుచుకుంటారు. అంత నీళ్ళు దాటి వచ్చినా మీ చెప్పులు తడవలేదు సారూ."

ఫ్యాను తిరుగుతున్నా పొలాలసారుకి చెమట పట్టింది. కంకులు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత లేచి సంచీ తగిలించుకుని, "పదమ్మా, చేను చూద్దాం," అన్నాడు.

ఏట్లో ఆ రోజు మోకాలి లోతు నీళ్ళే ఉన్నాయి. ఆమె ముందు, అతను వెనక దాటారు. నీళ్ళు చల్లగా, మామూలుగా ఉన్నాయి. దాటి పైకెక్కగానే ఊరు మొదలు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు పట్టుకుంటూ అతన్ని చూసి తలూపారు, తెలిసిన మనిషికి ఊపినట్టు. ఒకావిడ పక్కకు జరిగి దారిచ్చింది. ఇరవై రెండేళ్ళలో అతను ఈ వీధిలో అడుగుపెట్టడం ఇది మొదటిసారి. చెత్తకుప్ప మీద పడుకున్న నల్లకుక్క లేచి వచ్చి అతని పాదాలు వాసన చూసి, మొరగకుండా వెంట నడిచింది. కొత్తవాళ్ళను చూస్తే మీద పడుతుంది సారూ, మీరంటే మాత్రం దానికి అలవాటైపోయింది, అందామె.

ఇంటి ముందు మంచంలో ముసలాయన కూర్చుని ఉన్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"సారా? ఇవాళ మంగళవారం కాదే."

"ఊరికే వచ్చాను పెద్దాయనా."

ముసలాయన తల ఓ పక్కకి వంచి విన్నాడు. "ఇవాళ మీ చెప్పుల చప్పుడు వినబడుతోంది," అన్నాడు. "ఎప్పుడూ వినబడదు."

పొలాలసారు తన చెప్పుల వంక చూసుకున్నాడు. పొలానికి నడిచారు.

చేను చూసేసరికి భయం కూడా ఒక్క క్షణం మర్చిపోయాడు. తలకు జానెడు పైన ముదురాకుపచ్చ పైరు, ఎక్కడా ఒక చిల్లి లేదు. సాళ్ళు దారం పట్టి గీసినట్టున్నాయి. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు, ఒక్క ఆకూ కదలడం లేదు. పురుగూ పిట్టా కూడా లేనంత నిశ్శబ్దం. తను చదువుకున్న పుస్తకాల్లో బొమ్మలు తప్ప అలాంటి చేను ఎప్పుడూ చూడలేదు. తను చెప్పింది చెప్పినట్టు ఎవరైనా చేస్తే ఎలా ఉంటుందో మొట్టమొదటిసారి చూస్తున్నాడు.

సాళ్ళ మధ్య తడిమట్టిలో చెప్పుల గుర్తులున్నాయి. ఈ మూల నుంచి ఆ మూలకి వంకరటింకరగా, ఐదు చోట్ల ఆగుతూ పోయాయి. ఎడమ మడమ ఒక పక్కకి అరిగి ఉంది. పొలాలసారు తన ఎడమ కాలు ఎత్తి ఒక గుర్తులో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. వెంటనే తీసేసుకున్నాడు.

గుర్తులు చివరి సాలు దాకా వెళ్ళి ఆగిపోయాయి. అవతల నిట్టనిలువు ఏటిగట్టు. వెనక్కి వచ్చిన గుర్తులు లేవు.

"మీరు లోపలికి వెళ్ళడమే చూస్తాను సారూ," అంది ఆమె వెనకనుంచి. "బయటికి రావడం ఎప్పుడూ చూడలేదు. అటునుంచి అటే వెళ్ళిపోతారనుకుంటాను."

డైరీలో వెళ్ళిన సమయానికి ఒక గడి, తిరిగొచ్చిన సమయానికి ఒక గడి ఉంటాయి. రెండోది అతను ఎప్పుడూ నింపలేదు. ఎవరూ అడగరు కూడా. ఇప్పుడు చేలో ఎంత దూరం చూపు పోతే అంత దూరం చూశాడు. కాడల మధ్య నీడలు తప్ప ఏమీ కనబడలేదు. అక్కడ ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడగాలని నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

నిజం చెప్పాలంటే భయంతోపాటు అతనికి అసూయ కూడా కలిగింది. ఆ వచ్చేవాడెవడో తనకన్నా మంచి అధికారి.

"ఇదొక్కటే ఎకరం మాకు," అంది ఆమె గట్టు మీద కూర్చుని. "ఇది చేతికొస్తే అమ్మాయిని బడి మాన్పించక్కర్లేదు. విత్తినప్పుడు ఊళ్ళో అందరూ నన్ను చూసి నవ్వారు. ఆఫీసరు మాట విని సేద్యం చేస్తావా అన్నారు. ఇప్పుడు వాళ్ళే వచ్చి గట్టు మీద నుంచుని చూసి పోతున్నారు. ఇంక మీరు ఏం చెప్పినా రెండో మాట అడగను సారూ. ఉంచమంటే ఉంచుతాను, కోసెయ్యమంటే కోసేస్తాను."

గింజ గట్టిపడేదాకా ఉంచమని చెప్పి తిరిగొచ్చేటప్పుడు వాన మొదలైంది.

ఇంటికి రాగానే తల కూడా తుడుచుకోకుండా బీరువాలోంచి డైరీ కార్బన్ ప్రతి తీశాడు. భార్య జాకెట్టు చేతులు అతుకుతోంది. మిషన్ ఆపి, "ఏమైందండీ, మొహం అలా పాలిపోయింది?" అంది. అతను బల్ల ముందు కూర్చున్నాడు. ఒక్కో పేజీ తిప్పాడు. ఆమె చెప్పిన ప్రతి మాటా ఉంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. పన్నెండు పేజీలు అయ్యాయి. పదమూడోది తిప్పాడు.

ఆ పేజీ ఎందుకుందంటే, పై ఆఫీసు నుంచి తనిఖీ వస్తోందని, నెలాఖరు దాకా డైరీలు పూర్తిచేసి ఇమ్మని కిందటి వారం హుకుం వచ్చింది. రాని మంగళవారాలు కూడా జరిగిపోయినట్టు అందరూ రాసిచ్చారు. పొలాలసారుకి ఆ రోజు మరో సర్వే నెత్తిన ఉంది. కొత్తగా ఆలోచించే ఓపిక లేక, మూడేళ్ళ కిందటి డైరీ ముందు పెట్టుకుని తారీఖు మార్చి ఒక పేజీ ఎక్కించేశాడు. అది వేరే ఊరి పేజీ. ఆ ఊళ్ళో అప్పుడు మందులేని తెగులు వచ్చింది. ఎక్కించేటప్పుడు చెయ్యి రాసిందే గానీ కళ్ళు చదవలేదు.

ఇప్పుడు చదివాడు.

"రైతు పొలమును సందర్శించి, తెగులు సోకినట్టు నిర్ధారించి, పైరంతయు వేళ్ళతో పెరికించి పోగుచేయించి, మందులేని తెగులగుటచే తగులబెట్టవలసిందిగా సూచించి, దగ్గరుండి అమలు జరిపించడమైనది. సమయం పది గంటలు."

అది వచ్చే మంగళవారం పేజీ.

భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ నమ్మిందో లేదో గానీ, నవ్వలేదు. "ఇంకా నాలుగు రోజులుంది కదా. వెళ్ళి ఆ అమ్మాయితో వద్దని చెప్పి రండి," అంది.

శుక్రవారం వెళ్ళాడు. ఏరు ఎర్రగా, విరిగిన కొమ్మలు మోసుకుంటూ పారుతోంది. శనివారం ఇంకా పెరిగింది. ఒడ్డున నుంచుని గొంతు పోయేదాకా కేకలేశాడు, అవతల ఎవరూ రాలేదు. రైతు ఫోన్ నంబరు రిజిస్టరులో ఉందని గుర్తొచ్చి, తన ఫోనులో పైసలైపోతే భార్య ఫోనుతో కలిపాడు. అతని జేబులోనే మోగింది. ఉలిక్కిపడ్డాడు. ఆ గడి ఖాళీగా ఉండకూడదని అప్పట్లో తన నంబరే రాసుకున్నాడు.

ఆదివారమంతా వాన. తనకు అడ్డమైన ఏరు ఆ రెండోవాడికి అడ్డం కాదు. చెప్పులు కూడా తడవవు. రేపు కాక ఎల్లుండి పది గంటలకు తాపీగా వెళ్ళి ఆమె ముందు నుంచుంటాడు, పీకెయ్యమంటాడు. ఆమె రెండో మాట అడగదు. ఆ చేను తలుచుకుంటే అతనికి అన్నం సహించలేదు. వాణ్ణి ఆపే దారి ఒక్కటే తోచింది.

సోమవారం ఆఫీసు తెరవకముందే వెళ్ళి పై అధికారిణి గది ముందు కూర్చున్నాడు. ఆవిడ అతనికన్నా పదేళ్ళు చిన్నది, పనిలో కచ్చితమైన మనిషి. విన్నది. అతను దయ్యాల సంగతి ఎత్తలేదు. డైరీలో పదమూడో పేజీ తప్పు, కొట్టేయమని మాత్రం అడిగాడు.

ఆవిడ డైరీ తీసి పేజీ చూసింది. "ఇది రేపటి తారీఖు."

"అవును మేడమ్."

"రేపటిది ఇప్పుడే జరిగిపోయినట్టు ఎలా రాశారు?"

అందరూ అలాగే రాశారని అనొచ్చు. అనబుద్ధి కాలేదు.

"ఒక్క పేజీ కొట్టేయడం కుదరదండీ," అంది ఆవిడ. "మొత్తానికి కలిపి కింద ఒకటే సంతకం, ఒకటే ముద్ర. మొత్తం నిజమనైనా ఉండాలి, మొత్తం వెనక్కైనా తీసుకోవాలి. వెనక్కి తీసుకోవాలంటే ఏ ఒక్క మంగళవారమూ వెళ్ళలేదని మీ చేత్తో రాసివ్వాలి. రాసిస్తే ఏమవుతుందో మీకు తెలుసు."

తెలుసు. సస్పెన్షన్, విచారణ, ఆరు నెలల్లో రావలసిన ప్రమోషన్ గాలికి పోవడం, ఊళ్ళో తలెత్తుకోలేకపోవడం. కిటికీలోంచి వాన చప్పుడు వినబడుతోంది. ఎక్కువసేపు ఆలోచించలేదు. కాగితం అడిగి తీసుకున్నాడు.

"ఫలానా తారీఖున నేను వెళ్ళలేదు" అని రాశాడు. కింద ఇంకో తారీఖు, మళ్ళీ అదే మాట. పన్నెండుసార్లు. పదమూడోది, "రేపు నేను వెళ్ళడం లేదు" అని. ఇరవై రెండేళ్ళలో ఆఫీసు కాగితం మీద నేను అని రాయడం అతనికి అదే మొదలు.

ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది. "మీ డైరీని పై మీటింగులో చదివి వినిపించాను నేను," అంది చివరికి. "మావాళ్ళలో ఇలాంటివాడు కూడా ఉన్నాడని చెప్పాను." కోపం కన్నా బాధ ఎక్కువగా ఉందా గొంతులో. పేజీ పేజీకీ ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి, తారీఖు వేసింది.

బయటికొచ్చేసరికి అతనికి ఏడుపు రాలేదు, తేలిగ్గా ఉంది. ఇంట్లో చెబితే భార్య కాసేపు దారం ఎక్కించుకుంటూ కూర్చుని, "పోనీండి. ఆ అమ్మాయి చేను నిలబడింది కదా," అంది. ఆ మాట అతనికి కొండంత బలమిచ్చింది. ఎన్నేళ్ళకో ఒక రైతుకు తన వల్ల మేలు జరిగిందనిపించింది.

మంగళవారం పొద్దున తొమ్మిదికే ఏటి ఒడ్డున కూర్చున్నాడు. నీళ్ళింకా దాటేలా లేవు. అవతలి చెట్ల మీదుగా ఆకాశం కనిపిస్తోంది. పది అయింది, పదకొండయింది. పొగ లేవలేదు. మధ్యాహ్నం రెండింటి దాకా చూశాడు. ఎక్కడా పొగ లేదు. ఒక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాడు.

బుధవారానికి ఏరు తగ్గింది. నడుం లోతున దాటాడు. ఇప్పుడు అతను ఏ అధికారీ కాదు, అయినా ఒక్కసారి ఆ చేను చూసుకోవాలనిపించింది. జరిగింది ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పి తప్పు ఒప్పుకోవాలని కూడా అనుకున్నాడు.

పైకెక్కగానే నల్లకుక్క మీదికొచ్చింది. పళ్ళు బయటపెట్టి, ఊరి మొదటినుంచీ వెంటబడి మొరిగింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు మాటలాపి చూశారు. ఒకావిడ కొంగు సర్దుకుని పక్కావిడను ఎవరని అడిగింది. పక్కావిడ పెదవి విరిచింది.

ఇంటి ముందు మంచంలో ముసలాయన ఉన్నాడు. "పెద్దాయనా," అన్నాడు పొలాలసారు. ముసలాయన మొహం ఇటు తిప్పాడు. రెండు కళ్ళూ తెల్లగా పొర కమ్మి ఉన్నాయి.

"ఎవరది?"

లోపల్నుంచి ఆమె వచ్చింది. మనిషి సగానికి సగం చిక్కిపోయి ఉంది. గడపలోనే ఆగి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"సర్వేకొచ్చారా?" అంది.

"వ్యవసాయ శాఖ నుంచి," అన్నాడు.

"మా ఊరికి ఎవరూ రారే." ఆమె గొంతులో కోపం లేదు. "జాబితాలో మా పేరొచ్చిందని విత్తనాల సంచీ పంపారు. ప్రతి మంగళవారం ఆఫీసరు వచ్చి ఎలా చెయ్యాలో చెప్తాడన్నారు. చాలా మంగళవారాలు గట్టు మీద కూర్చున్నాను. తర్వాత మానేశాను. రండి, వచ్చారు కాబట్టి చూడండి."

చేను మోకాలెత్తున ఉంది. ఆకులు చింపిరి గుడ్డల్లా వేలాడుతున్నాయి. సుడులు కొరికేసి ఉన్నాయి, ప్రతి మొక్క మొదట్లో రంపపు పొట్టులాంటి పురుగుల పెంట రాలి ఉంది. ఒకచోట మొక్కలు ఒకదానిమీద ఒకటి ఒత్తుకుని ఎండిపోయాయి, పక్కనే బోసినేల. పదేళ్ళ పిల్ల ఒకతె బడి బట్టల్లోనే కొడవలితో ఎండుకాడలు కోసి పశువుల కోసం పోగేస్తోంది. తడిమట్టిలో ఆ పిల్ల పాదాలు తప్ప మరో గుర్తు లేదు.

పొలాలసారు చెప్పులు గట్టు మీద విడిచి లోపలికి దిగాడు. ఈ మూల నుంచి ఆ మూలకి వంకరటింకరగా నడిచాడు. ఐదు చోట్ల ఆగాడు. ఒక్కో మొక్కా విప్పి చూసి లెక్కపెట్టాడు. ఆమె ఎందుకో తెలియకపోయినా వెంటే నడిచింది. యాభైలో నలభై ఏడు పోయాయి. చెయ్యగలిగింది ఏమీ లేదని మొదటి పదిలోనే తెలిసింది, అయినా యాభై పూర్తిచేశాడు. మోకాళ్ళ దాకా బురద అంటింది.

ఆమె ఒక మొక్క పీకి వేళ్ళ మట్టి దులిపింది.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్తారా?" అంది. "విత్తినప్పుడే ఎవరైనా వచ్చి చెప్పి ఉంటే ఈ చేను నిలబడేదా? లేకపోతే మా రాతే ఇంతంటారా?"

అలాంటి ప్రశ్నకు ఆఫీసులో ఒక జవాబుంది. వాతావరణం అనుకూలించలేదమ్మా, మా చేతుల్లో ఏముంది, అని. అది అతని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈ లోకంలో ఆ జవాబు చెప్పకూడని మనిషంటూ ఉంటే అది తనొక్కడే. మిగతావాళ్ళెవరూ చూడలేదు. అతను చూశాడు.

"నిలబడేదమ్మా," అన్నాడు. "నా తలకు జానెడు పైన ఉండేది."

ఆమె చూపు అతని తల మీదుగా పైకి, ఖాళీ ఆకాశంలోకి వెళ్ళింది. అక్కడే చాలాసేపు ఉండిపోయింది.